ఓకా పెద్దమ్మ పంటి సాక్ష్యం

ముత్యాలకు పెద్ద శత్రువు ఎవరంటే దొంగ అంటారు కొందరు, ప్లాస్టిక్ అంటారు కొందరు. రెండూ కాదు, మఫ్లరు. మా ఊళ్ళో సెప్టెంబరు సగం గడిచిందంటే సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. ఇక అందరూ గడ్డం దాకా జిప్పు లాగేసుకుని, దాని మీద మఫ్లరు మూడు చుట్లు చుట్టుకుని, ముక్కూ కళ్ళూ మాత్రం బయటపెట్టుకు తిరుగుతారు. మెడ అనే అవయవం మళ్ళీ ఏప్రిల్లో కనిపిస్తుంది. అలాంటి ఊళ్ళో పదకొండేళ్ళుగా ముత్యాల కొట్టు నడుపుతున్నాను నేను. నా పేరు గేషె. నాకు ముక్కు మీద కోపమని అంటుంటారు. ఉండదా మరి?

వేసవిలో వచ్చే టూరిస్టులు గవ్వల దండలు కొనుక్కుని పోతారు. ముత్యాలు కొనేది ఊరివాళ్ళే. వాళ్ళూ అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకానే కొంటారు, పెళ్ళిరోజులకీ పండక్కీ. ఆ మూడు నెలలు సరిగ్గా నడవకపోతే కొట్టు మూసుకోవాల్సిందే. పోయినేడు ఎలాగో నెట్టుకొచ్చాను. ఈసారి కూడా మఫ్లర్లే గెలిస్తే తాళంచెవి తీసుకెళ్ళి పక్కకొట్టు హిన్రిక్ చేతిలో పెట్టడం తప్ప దారి లేదు.

హిన్రిక్‌ది బట్టల కొట్టు. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. ఆ గోడ పడగొట్టి, నా కొట్టున్న చోట రబ్బరు బూట్లు పెట్టాలని అతనికి ఎప్పట్నుంచో కోరిక. చెడ్డవాడేం కాదు. కనిపించినప్పుడల్లా "కొట్టెలా నడుస్తోంది గేషె?" అని ఆప్యాయంగా అడిగి, నేను "బాగానే ఉంది" అంటే కాస్త దిగులుపడేవాడు, అంతే.

మా ఊరి శరదృతువు ఫ్యాషనంతా అతని చేతుల్లోనే ఉంది. అతని ఉద్దేశంలో ఫ్యాషనంటే పసుపు రెయిన్‌కోటు. మరీ షోకైనవాళ్ళకి నీలం. ప్రతి ఏడూ సెప్టెంబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం ఊరి అగ్నిమాపక షెడ్డులోంచి ఫైరింజను బయటికి తోలేసి, లోపల బల్లలు కలిపి వేదిక కట్టి, ఊరివాళ్ళకే కోట్లు తొడిగి అటూ ఇటూ నడిపిస్తాడు. దాని పేరు ఫ్యాషన్ షో. పదేళ్ళుగా చూస్తున్నాను, ఒక కోటుకీ ఇంకో కోటుకీ తేడా నాకింకా అంతుపట్టలేదు.

ఈ ఏడు నేనే పంతం వదిలేసి అతని దగ్గరికి వెళ్ళాను.

"నీ కోట్ల మీద నా ముత్యాలు వేద్దాం హిన్రిక్," అన్నాను.

"కోటు మీదా? ముత్యాలు లోపల కదా వేసుకునేది?"

"లోపలుంటే చూసేదెవరు, నీ బనీనా?"

"వానకి తడిసిపోవూ?"

"నీళ్ళలో పుట్టినవి నీళ్ళకి భయపడతాయా ఎక్కడన్నా?"

ముత్యం తడిస్తే ఏమీ కాదు కానీ, దాన్ని గుచ్చిన పట్టుదారం తడిస్తే సాగిపోతుంది. ఆ సంగతి హిన్రిక్‌కి చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు. అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే కానీ, ఒక్క మాట. ఓకా పెద్దమ్మ చేత పంటి పరీక్ష స్టేజీ మీదే పెట్టిద్దాం. కోట్ల కోసం రానివాళ్ళు దానికోసమైనా వస్తారు," అన్నాడు.

నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. నా నోరు పడిపోనూ!

ఓకా పెద్దమ్మకు ఎనభై నాలుగేళ్ళు. వరసకి ఎవరికీ పెద్దమ్మ కాదు, పిలుపుకి అందరికీ పెద్దమ్మే. చనిపోయిన భర్త ఓడ కెప్టెను. ఆయన పెళ్ళికి ముందు జపాను నుంచి ముత్యాల దండ తెచ్చిస్తే, పంటికి రాసి చూసుకుని మరీ పెళ్ళికి ఒప్పుకుందట. అసలు ముత్యాన్ని ముందుపళ్ళకి రాస్తే సన్నని ఇసకలా గరగరమంటుంది, నకిలీదైతే నున్నగా జారిపోతుంది. ఈ పరీక్ష ఎక్కడైనా ఉన్నదే. కానీ మా ఊళ్ళో అందరి పళ్ళూ దానికి పనికిరావు. ఓకా పెద్దమ్మ పళ్ళే పళ్ళు. ఈ వయసులో ఒక్కటి కూడా ఊడలేదని ఆవిడకి మహా గర్వం. పెళ్ళిళ్ళలో ఎవరూ అడక్కుండానే గట్టి గింజలు పటుక్కున కొరికి చూపించేది. ఆవిడ ముత్యం రాసి "ఇసక ఉంది" అన్నదంటే అది అసలుది. దాని మీద ఊళ్ళో అప్పీలు లేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచుకోను. కొత్తగా కొట్టు తెరిచినప్పుడు ఈ పరీక్ష చూసి నవ్వుకున్నాను. నెల తిరక్కుండానే కిటికీలో బోర్డు పెట్టాను, "ఓకా పెద్దమ్మ పంటికి నిలిచిన ముత్యాలు" అని. ఏటా కొత్త సరుకు రాగానే ఆవిడని పిలిచి, టీ పోసి, దండలన్నీ పంటికి రాయించేదాన్ని. హాంబుర్గ్‌లో రెండేళ్ళు ముత్యాల పని నేర్చుకుని వచ్చాను. ఆ పట్టా గోడకి వేలాడుతూనే ఉంది, ఒక్కరు చదివిన పాపాన పోలేదు. నేనూ దానికి దుమ్ము దులపడం మానేసి పంటిని నమ్ముకుని బతికాను.

ఈ ఏడు ఆగస్టంతా పెద్దమ్మ బ్రెమెన్‌లో చెల్లెలింట్లో ఉండి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ముభావంగా ఉంది. పెదాలు బిగించి మాట్లాడుతోంది. చెల్లెలితో గొడవపడిందేమోలే అనుకున్నాం.

షో రోజు షెడ్డు కిక్కిరిసిపోయింది. చివర్లో ఫ్రౌకె వచ్చింది. ఫ్రౌకెకి నలభై ఆవులున్న డెయిరీ ఉంది, మనిషి నిలువెత్తు. ఆవుల్ని తోలుకొస్తున్న నడకే నడిచింది కానీ, పసుపు కోటు మీద నా మూడు పేటల దండ వేసుకుని దీపాల కిందికి వచ్చేసరికి జనం "అబ్బ!" అన్నారు. పదేళ్ళలో ఆ షెడ్డులో ఎవరూ "అబ్బ!" అని ఎరగరు. నాకు కళ్ళు చెమర్చాయి. ఈ క్రిస్మస్‌కి ఊరంతా కోటు మీద ముత్యాలే అనుకున్నాను. ఎదురుగా హిన్రిక్ మైకులో "ఈ కోటు అన్ని సైజుల్లోనూ దొరుకుతుంది" అంటున్నాడు. అననీ పాపం.

నా పక్కన మా ఆయన మెన్నో కూర్చున్నాడు. ఎమ్‌డెన్‌లో పళ్ళ ల్యాబులో పని చేస్తాడు, బ్రెమెన్ దాకా ఉన్న పళ్ళ డాక్టర్లందరికీ కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. రోజుకి ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో సగం మా కుక్కతో.

హిన్రిక్ పెద్దమ్మని చేయి పట్టుకుని స్టేజీ ఎక్కించాడు. ఫ్రౌకె వంగి దండ అందించింది. పెద్దమ్మ దాన్ని నోటి దాకా తీసుకెళ్ళేసరికి, పక్కన మెన్నో చొక్కా గుండీ విప్పుకుంటున్నాడు, నుదురంతా చెమట. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"నిప్పు!" అని అరిచాడు. "నిప్పంటుకుంది!"

ఫైరింజను షెడ్డులో అనాల్సిన మాట కాదది. జనంలో సగంమంది అగ్నిమాపక దళం వాళ్ళే. నలుగురు గొట్టాలు లాగారు. ఒకడు బయటికి పరిగెత్తి ఇంజను స్టార్టు చేశాడు. ఇంకొకడు ముందుజాగ్రత్తగా హిన్రిక్ మీద బకెట్టుడు నీళ్ళు కుమ్మరించాడు. రెయిన్‌కోటులో ఉన్నాడు కాబట్టి అతనికేం కాలేదు.

"ఎక్కడ మెన్నో? ఎక్కడ?" అని అరుస్తున్నారందరూ.

మెన్నో అటూ ఇటూ చూశాడు. "ఆరిపోయింది," అని కూర్చున్నాడు.

ఈ గోలలో ఓకా పెద్దమ్మ మాత్రం కదల్లేదు. ఓడ కెప్టెను భార్య, ఇలాంటివి చాలా చూసింది. ముత్యాన్ని పంటికి రాసింది. మళ్ళీ రాసింది. మూడోసారి రాసేటప్పుడు ఆవిడ మొహం పాలిపోవడం నేను చూశాను. షెడ్డంతా చప్పున చల్లారి ఆవిడ వైపు తిరిగింది. పెద్దమ్మ మైకు దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పింది.

"ఇసక లేదు."

ఆ రెండు మాటలతో నా కొట్టు మీద పిడుగు పడింది. ఫ్రౌకె పెద్దమ్మ చేతిలోంచి దండ తీసి హిన్రిక్ చేతిలో పెట్టేసి, "నకిలీవి వేసుకుని ఆవుల దగ్గరికి కూడా వెళ్ళను నేను," అంది. జనం నా వైపు చూసీ చూడనట్టు లేచి వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతా చేసి ఆ సాయంత్రం హిన్రిక్ పసుపు కోట్లు మాత్రం బాగా అమ్ముడుపోయాయి.

సోమవారం నుంచి పాత దండలు పట్టుకుని ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. బ్యాంకులో పనిచేసే ఆవిడ అందరికంటే ముందొచ్చింది.

"మీ పంటికే రాసి చూసుకోండి," అన్నాను పళ్ళు నూరుకుంటూ.

రాసుకుంది. "గరగరమంటోందండి."

"అంటే అసలువన్నమాట! అర్థమైందా?"

"అదెలా కుదురుతుందండి?" అంది భయం భయంగా. "ఓకా పెద్దమ్మ పంటికి తగలని ఇసక నా పంటికి తగిలిందంటే, నా పళ్ళకేదో జబ్బు వచ్చినట్టే కదా?"

అట్నుంచటే వెళ్ళి పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుంది. ఆ వారమంతా డాక్టరు దగ్గర క్యూ. ముత్యం గరుగ్గా తగులుతోందని అందరిదీ ఒకటే రోగం. ఆయన ఎంత చూసినా పుచ్చు కనిపించక, మొహమాటానికి తలా ఒక బ్రష్షు ఇచ్చి పంపాడట. తమ పళ్ళని తాము నమ్మని ఊరు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందా? నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ మార్చి మార్చి చేశాను.

హాంబుర్గ్ పరీక్షశాలకి ఆ మూడు పేటల దండ పంపించి, అసలు ముత్యాలేనని ముద్ర వేయించి కాగితం తెప్పించాను. దాన్ని కిటికీలో అతికించాను. పాల డబ్బాలు దింపడానికి వచ్చిన ఫ్రౌకె ఆగి, మొదట్నుంచి చివరిదాకా చదివింది.

"కాగితం బాగానే ఉంది గేషె," అంది. "దీనికి పళ్ళున్నాయా?"

నాలుగో వారానికి కొట్లోకి ఈగ కూడా రావడం మానేసింది. హిన్రిక్ మాత్రం టేపు పట్టుకొచ్చాడు. "ఎంత అన్యాయం జరిగిపోయింది గేషె నీకు!" అని కళ్ళు తుడుచుకుంటూనే గోడ పొడుగు కొలిచాడు. అతని దుఃఖం నిజమైనదే. కొలత కూడా.

అంతవరకూ నాకు బుర్ర పనిచెయ్యలేదు. ఆ సాయంత్రం భోజనం దగ్గర మెన్నో ఎదురుగా కూర్చుని రొయ్యలు ఒలుస్తుంటే అన్నీ ఒక్కసారి కలిశాయి. బ్రెమెన్ ప్రయాణం, బిగించిన పెదాలు, ఆరిపోయిన నిప్పు. ముత్యం గరుకు తెలిసేది పంటికి కాదు, పంటి కింద ఉండే నరానికి. కట్టుడు పంటికి నరం ఎక్కడ్నుంచి వస్తుంది?

"మెన్నో, ఆ రోజు నిప్పని ఎందుకరిచావు?"

"కనిపించింది."

"ఎక్కడ?"

"ఆరిపోయింది."

"ఓకా పెద్దమ్మవి కట్టుడు పళ్ళు. చేసింది నువ్వు."

మెన్నో చేతిలో రొయ్య చేతిలోనే ఆగిపోయింది. "మా ల్యాబులో పళ్ళకి పేర్లుండవు గేషె. నంబర్లే ఉంటాయి."

"నోటితో చెప్పొద్దులే. అవునైతే ఒక్కసారి కన్నార్పు, చాలు."

మెన్నో నన్నే చూస్తూ ఉండిపోయాడు. రెప్ప వెయ్యలేదు. నిమిషం గడిచింది. కళ్ళెర్రబడ్డాయి. రెండు బుగ్గల మీదా నీళ్ళు ధారగా కారాయి. మా కుక్క భయపడి బల్ల కిందికి దూరింది. చివరికి అలా కళ్ళు తెరుచుకునే లేచి, గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల ఆర్పుకున్నట్టున్నాడు.

తిరిగొచ్చాక తన రోజంతటి మాటలు ఒక్కసారే ఖర్చుపెట్టాడు. "పళ్ళు పోయాయని చెప్పుకోవడానికి మనుషులు ఎంత సిగ్గుపడతారో నీకు తెలీదు గేషె. నేను నోరు జారితే, రేపు నా ముందు నోరు తెరిచేదెవరు?"

నాకు అతని మీద చచ్చే కోపం వచ్చింది. ముచ్చట కూడా వేసింది. ఆ రెండూ కలిసి వస్తే రొయ్యలు ఒలవడం మహా కష్టం.

మర్నాడు మధ్యాహ్నం నేరుగా ఓకా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఈవేళ తాడో పేడో తేల్చుకుంటానని దారంతా గొణుక్కుంటూనే వెళ్ళాను. కానీ మా వైపు టీ ఇచ్చే పద్ధతి పోట్లాటకి వచ్చినవాళ్ళ కోసం పెట్టింది కాదు. మూడు కప్పులు తాగందే లేవకూడదు. కప్పు అడుగున పటికబెల్లం ముక్క వెయ్యాలి, దాని మీద వేడి టీ పోస్తే అది చిటపటమనాలి, పైన చెంచాడు మీగడ అంచున జారవిడవాలి, కలపకూడదు. ఇంత మర్యాద జరుగుతుండగా గొంతు పెంచడానికి సందేదీ?

మొదటి కప్పు మర్యాదలకే సరిపోయింది. రెండో కప్పులో నేను మొదలుపెట్టాను.

"కొట్టు మూసేస్తున్నాను పెద్దమ్మా. శనివారమే ఆఖరు."

"మూసేసి ఏం చేస్తావే?"

"హిన్రిక్ పనిస్తానన్నాడు. కోట్లకి చెడిపోయిన జిప్పులు మార్చాలట."

ఆవిడ ఇద్దరికీ మళ్ళీ టీ పోసింది. మూడో కప్పు తాగేసి కింద పెట్టింది. నేను ఆవిడ కప్పులోకి చూశాను. పటికబెల్లం ముక్క అడుగున అలాగే ఉంది. చివర్లో ఆ ముక్కని పటపటా నమిలెయ్యడం ఆవిడకి చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆ చప్పుడు వీధిలోకి వినపడేది. మెన్నో మాట తప్పాల్సిన పనే లేదు. సాక్ష్యం నా కళ్ళెదురుగా పింగాణీ కప్పులో కూర్చుని ఉంది. నేను దాన్ని చూడటం ఆవిడ చూసింది.

"ఈ జుట్టు చూశావా?" అంది ఉన్నట్టుండి. "సవరం. తుంటి ఎముక హానోవర్‌లో వేశారు, ఇనపది. కళ్ళలో అద్దాలు పెట్టారు. చెవిలో మిషను. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే సగం సామాను కొట్లో కొన్నదే కనపడుతుంది. నావంటూ మిగిలినవి ఈ పళ్ళే గేషె. కెప్టెను గారు కూడా నా మొహంలో మొదట మెచ్చుకున్నది వాటినే."

అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకి తెలుసు. ఎనభై నాలుగేళ్ళ మనిషి నా వైపు అంత భయంగా చూస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంక టీ వద్దని గుర్తుగా చెంచా కప్పులో పెట్టేసి లేచి వచ్చేశాను. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయకూడదు.

శనివారం పొద్దున్న కొట్టు సామాను పెట్టెల్లో సర్దుతున్నాను. హిన్రిక్ గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. ఫ్రౌకె, బ్యాంకావిడ, ఇంకో పదిమంది ఊరికే చూడటానికి వచ్చారు. మూతపడే కొట్టుకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అప్పుడు తలుపు తోసుకుని ఓకా పెద్దమ్మ వచ్చింది.

"మొయిన్," అని అందర్నీ పలకరించింది. గల్లా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఆ మూడు పేటల దండ ఇలా ఇయ్యి."

పెట్టెలోంచి తీసి ఇచ్చాను. ఆవిడ కళ్ళు మూసుకుని ముత్యాన్ని పంటికి రాసింది. ఆ పంటికి గులకరాయి రాసినా ఏమీ తెలియదని నాకు తెలుసు.

"ఇసక ఉంది," అంది.

హిన్రిక్ చేతిలో సుద్దముక్క కిందపడింది. "అదేంటి పెద్దమ్మా! ఆ రోజు లేదన్నావు కదా?"

"ఆ రోజు లేదు."

"మరి ఇవాళ ఎక్కడ్నుంచొచ్చింది?"

"పండాయి."

"ముత్యాలా?"

"సెప్టెంబరులో కోసిన బేరిపండు కొరికితే ఎలా ఉంటుందిరా హిన్రిక్?"

"గట్టిగా ఉంటుంది."

"అక్టోబరు ఆఖరుకి?"

"మెత్తబడి, లోపల పలుకు పలుకుగా..." అన్నాడు హిన్రిక్. అంటూనే అతని మొహం వెలిగింది. "ఓహో!"

"అదీ సంగతి. ముత్యమూ చలి పడితేనే పండుతుంది. ఈ పిల్ల తొందరపడి పచ్చివి తెచ్చి స్టేజీ ఎక్కించింది." పెద్దమ్మ నా వైపు తిరిగింది. "కాదంటావా గేషె?"

అందరూ నన్నే చూశారు. ముత్యాలు పండుతాయట! ఇంత పచ్చి అబద్ధం నా కొట్లో, నా పట్టా వేలాడుతున్న గోడ కింద! పైగా తప్పు నాదట, తొందరపాటు నాదట! కోపం అరికాళ్ళ నుంచి నడినెత్తికెక్కింది. నోరు తెరిచాను కూడా. ఆవిడ చెయ్యి గల్లా బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడిపోయాయి. ఆ మనిషి నా కొట్టు కోసం ఇంత దూరం గాలిలో నడిచి వచ్చి, తన దగ్గర మిగిలిన ఒక్క పరువునీ ఇంతమంది ముందు పణంగా పెట్టింది. నేను ఒక్క మాట అంటే అది పోతుంది.

"తొందరపడ్డాను పెద్దమ్మా," అన్నాను. "ఇంకో నెల ఆగాల్సింది."

"నేను చెప్పలా!" అంది ఫ్రౌకె. ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. దండ మెళ్ళో వేసుకుని, కోటు జిప్పు గడ్డం దాకా లాగి, దాని మీదికి ముత్యాలు సర్దుకుని అద్దంలో చూసుకుంది. "నా పంటికీ గరగరమంటోంది. నా పళ్ళు మంచివేనన్నమాట," అని బ్యాంకావిడ ఏడ్చినంత పని చేసింది. మధ్యాహ్నానికి పెట్టెల్లో సర్దినవన్నీ మళ్ళీ బయటికి తీశాను. హిన్రిక్ తన కిటికీలో కోట్ల పక్కన "పండిన ముత్యాలకు తగిన కోట్లు" అని కాగితం అంటించుకుని, గోడ మీద గీతలు తనే చెరిపేశాడు. అతనికి బూట్ల కంటే ఇది లాభమనిపించినట్టుంది.

"ఇవి కాస్త పచ్చిగా ఉన్నట్టు లేవూ?" అని ఒకావిడ జూకాలు చూపించి అడిగింది.

"రెండ్రోజులు కిటికీలో పెట్టండి," అన్నాను. హాంబుర్గ్‌లో నాకు పని నేర్పినాయన నన్ను క్షమించుగాక.

అందరూ వెళ్ళిపోయాక కూడా ఓకా పెద్దమ్మ కుర్చీలోనే కూర్చుని ఉంది. తలుపు గడియ వెయ్యమని సైగ చేసింది. వేశాను. ఆవిడ పక్కకి తిరిగి, జేబురుమాలు అడ్డం పెట్టుకుని, కింది పళ్ళ సెట్టు తీసి, నేను దండలు పరిచే నల్ల మఖమలు పళ్ళెంలో పెట్టింది.

నేను మొదట వాటిని చూడకూడదనుకున్నాను. తర్వాత చూశాను. ఒక్కో పంటి రంగు ఒక్కో రకంగా, పక్కదానితో సరిపడేలా ఎంత ఓపిగ్గా కుదిర్చాడో! అంచున ఒక పంటికి చిన్న వంకర కూడా పెట్టాడు, ఎవరూ అనుమానించకుండా. నేను ఒక దండకి ముత్యాలు ఏరడానికి అంత కష్టపడతాను. మా ఆయన మీద నాకు ఎక్కడలేని గర్వం పొంగుకొచ్చింది.

"ఎడమ పక్క గుచ్చుకుంటోందే," అంది పెద్దమ్మ, నోట్లోంచి గాలి పోతుంటే. "మీ వాడితో చెప్పు."

ఇంటికెళ్ళి చెప్పాను. "ఓకా పెద్దమ్మకి ఎడమ పక్క గుచ్చుకుంటోందట."

మెన్నో కుక్కకి అన్నం పెడుతున్నాడు. తల కూడా ఎత్తలేదు. "ఏం గుచ్చుకుంటోంది?" అన్నాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే లేచి, సన్నని ఆకురాయి ఒకటి గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని, చేపలు పట్టడానికి పోతున్నానని నాతో చెప్పి, గాలమూ లేకుండా, బుట్టా లేకుండా, ఓకా పెద్దమ్మ ఇంటి వైపు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.